పట్టాల కథలు.. పట్టుకోండి!

ఆవిరి ఇంజిన్లో బొగ్గు వేసిన చేతులు, పరుగెత్తే బండిలోంచి టోకెన్ రింగు అందుకున్న చేతులు ఇప్పుడు మీ వీధిలోనే వాకర్ పట్టుకుంటున్నాయి. ఆ జ్ఞాపకాలను భద్రం చేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. చేతిలో ఫోను, కాస్త ఓపిక ఉంటే చాలు. రెజ్యూమెలో ధైర్యంగా రాసుకోగల పని కూడా ఇది!

మా పెదనాన్న రైల్వేలో పనిచేశారు. దొనకొండ లోకో షెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయి, చివరికి గుంతకల్లులో డీజిల్ ఇంజిన్ డ్రైవర్‌గా రిటైరయ్యారు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ మూడేళ్లు ఆయనింట్లోనే ఉన్నాను. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి చెప్పబోయేవారు. ‘అప్పట్లో నల్లమల ఎక్కేటప్పుడు చూడాలిరా బండిని..’ అని ఆయన మొదలుపెట్టేలోపే, ‘రేపు మాక్ టెస్టుంది పెదనాన్నా’ అంటూ లోపలికి వెళ్లిపోయేవాణ్ని.

ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే మంచం కింద ఇనుప పెట్టె కనిపించింది. డ్యూటీకి వెళ్లినప్పుడల్లా వెంట ఉండే లైన్ బాక్స్ అది. లోపల చిరిగిన వర్కింగ్ టైమ్‌టేబుల్, రంగు వెలిసిన జెండాలు, ఒక చిన్న నోటుబుక్కు ఉన్నాయి. ఆ పుస్తకం నిండా తేదీలు, ఇంజిన్ నంబర్లు, వాటి పక్కన పొట్టి పొట్టి గుర్తులు. ఏ గుర్తుకు ఏం అర్థమో చెప్పే మనిషి లేరు. పెట్టెను పాత సామాన్లవాళ్లకు ఇచ్చేశాం. నోటుబుక్కు మాత్రం నా దగ్గరే ఉంది. ఇప్పటికీ నాకది చదవడం రాదు.

నాలా మీరు పొరపాటు చేయకూడదనే ఈ కథనం.

ఇప్పుడే ఎందుకు?

చిన్న లెక్క వేద్దాం. మన దేశంలో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజిన్ 1970లో చిత్తరంజన్ కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ సర్వీసుల్లో ఆవిరి ఇంజిన్ల వాడకం 1995తో ముగిసింది. 1985లో ఇరవై ఏళ్ల వయసులో షెడ్డులో చేరిన కుర్రాడు 2025లో అరవై దాటాడు. అంటే ఆవిరి ఇంజిన్ మీద చెమటోడ్చిన వాళ్లలో చాలామంది ఇప్పుడు సర్వీసులో లేరు.

1974 మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారు. అప్పుడు పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి. సమ్మె ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ ఇరవై రోజులూ క్వార్టర్స్‌లో పొయ్యి ఎలా వెలిగింది, ఎవరు బియ్యం అప్పిచ్చారు, ఎవరు మొహం చాటేశారు అన్నది ఆ ఇళ్లవాళ్లే చెప్పాలి.

ఇంజిన్‌ను మ్యూజియంలో నిలబెట్టొచ్చు. దిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం 1977 నుంచి ఆ పని చేస్తోంది. మైసూరు, చెన్నైలలోనూ రైలు మ్యూజియాలున్నాయి. కానీ ఇంజిన్ మాట్లాడదు కదా. దాన్ని నడిపిన మనిషే మాట్లాడాలి.

ఒక్క లైను.. ఎన్ని కథలో!

పెదనాన్న తిరిగిన లైన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండల మీదుగా గుంటూరు వైపు వచ్చే దారి ఇది. 1876-78 నాటి ఘోర కరవులో బళ్లారి, కర్నూలు ప్రాంతాలు అల్లాడిపోయాయి. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే తిండిగింజలు చేరవేయడానికి లైన్లు ఉండాలని అప్పటి ప్రభుత్వం అనుకుంది. అలా 1880ల్లో బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో ఈ మీటర్‌గేజ్ మార్గం వేశారు.

నల్లమలలో సొరంగం తవ్వారు. లోయ మీద ‘దొరబావి’ వంతెన కట్టారు. దారి మధ్యలో దొనకొండలో లోకో షెడ్డు, కాలనీ వెలిశాయి. ఇంజిన్లకు బొగ్గు, నీళ్లు పట్టాలన్నా, సిబ్బంది మారాలన్నా అక్కడే. ఊరి సందడంతా షెడ్డు చుట్టూనే ఉండేది. 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలయ్యాక ఈ లైను కూడా బ్రాడ్‌గేజ్ అయింది. పట్టాల దారి మారడంతో దొరబావి వంతెన అడవిలో మిగిలిపోయింది. ఆవిరి పోవడంతో షెడ్డుకు పని లేకుండా పోయింది.

మరి దీని కాగితాలన్నీ ఎక్కడున్నాయి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదట్లో ఈ లైనును సదరన్ మరాఠా రైల్వే నడిపింది. 1908లో అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారింది. 1951లో దక్షిణ రైల్వేలో కలిసింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడితే, గుంతకల్లు డివిజన్ 1977లో అందులోకి వచ్చింది. 2003లో గుంటూరు డివిజన్ పుట్టింది. 2019లో విశాఖ కేంద్రంగా ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్‌లో గుంటూరు, గుంతకల్లు, విజయవాడ డివిజన్లు భాగం. ఒక్కో మార్పుతో ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ప్రయాణం చేస్తాయి. అలా వెళ్లేటప్పుడు కొన్ని దారిలోనే తప్పిపోతాయి. అందుకే కాగితంతో పాటు మనిషి మాట కూడా కావాలి.

రూలు వేరు, పని వేరు

‘రూల్సు పుస్తకం ఉందిగా, ఇంక వీళ్లను అడగడమెందుకు?’ అనిపించొచ్చు. టోకెన్ సంగతే చూడండి. సింగిల్ లైన్ మీద రెండు బండ్లు ఎదురెదురు రాకుండా పక్కపక్క స్టేషన్లలో టోకెన్ యంత్రాలుండేవి. రెండింటినీ కరెంటు తీగ కలిపేది. ఒకసారి ఒక్క గోళమే బయటికి వచ్చేది. అది తిరిగి ఏదో ఒక యంత్రంలోకి చేరేదాకా ఇంకోటి వచ్చేది కాదు. గోళం చేతిలో ఉన్న బండిదే ఆ లైను. స్టేషన్లో ఆగని బండికైతే, పెద్ద రింగుకు కట్టిన సంచిలో గోళం పెట్టి పాయింట్స్‌మన్ ఎత్తి పట్టుకుంటాడు. ఇంజిన్‌లో ఉన్నవాళ్లు చెయ్యి చాచి అందుకోవాలి.

ఇంతవరకూ పుస్తకంలో ఉంటుంది. అర్ధరాత్రి వానలో ఆ రింగు జారిపోతే ఏం చేసేవాళ్లు? భుజానికి తగిలిన దెబ్బకు ఏ మందు రాసేవాళ్లు? కొత్తవాళ్లకు ఎలా నేర్పేవాళ్లు? ఇవి ఏ పుస్తకంలోనూ లేవు.

కాల్ బాయ్ అనే ఉద్యోగం గురించి విన్నారా? ఫోన్లు లేని రోజుల్లో డ్రైవర్, ఫైర్‌మన్, గార్డుల ఇళ్లకు వెళ్లి తలుపు తట్టి, ‘ఫలానా బండికి డ్యూటీ’ అని చెప్పి, పుస్తకంలో సంతకం తీసుకోవడం అతడి పని. అర్ధరాత్రి తలుపు చప్పుడుకు లేచి క్యారియర్ కట్టిన ఇల్లాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ జాబితాలో వాళ్ల పేర్లూ ఉండాలి. రైల్వే కుటుంబం కథ సగం వాళ్ల దగ్గరే ఉంటుంది.

పేర్లు కూడా మారిపోతున్నాయి. డ్రైవర్‌ను ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. గ్యాంగ్‌మన్ ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు. 2022 జనవరి నుంచి గార్డు ట్రైన్ మేనేజర్ అయ్యారు. మీలో ఎంతోమంది అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు చదువుతూ ఉంటారు. ఒకప్పుడు ఇంజిన్‌లో ఫైర్‌మన్ నిలబడ్డ చోటే ఇప్పుడు ఆ ఉద్యోగి కూర్చుంటున్నారు. చేరబోయే పని ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకుంటే నష్టమేమీ లేదు కదా!

మీ దగ్గర ఏ లైనుంది?

దొనకొండ వెళ్లక్కర్లేదు. తెలుగు నేల మీద ఏ మూలకు వెళ్లినా ఒక రైలు కథ ఉంది. మచ్చుకు కొన్ని:

• హైదరాబాద్, సికింద్రాబాద్, కాజీపేట: నిజాం రాజ్యంలో వాడి-సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. తర్వాత వరంగల్ వైపు, బెజవాడ దాకా సాగింది. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. కాజీపేట రైల్వే కాలనీల్లో రెండు మూడు తరాలుగా రైల్వేలోనే ఉన్న ఇళ్లున్నాయి.

• రాజమహేంద్రవరం: 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన మీద 1997 దాకా రైళ్లు తిరిగాయి. గోదావరికి వరదలొచ్చినప్పుడు ఆ వంతెనకు కాపలా కాసిన గ్యాంగ్‌మన్‌ల కోసం వెతకండి.

• శ్రీకాకుళం జిల్లా నౌపడ: పర్లాకిమిడి రాజావారు వేయించిన నారోగేజ్ లైను 1900లో మొదలైంది. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. ఆ చిన్న బండి 2004లో ఆగిపోయింది. దాని చోట ఇప్పుడు బ్రాడ్‌గేజ్ ఉంది. టెక్కలి, పాతపట్నం వైపు చిన్న బండి ఎక్కి బడికి, సంతకు వెళ్లినవాళ్లు ఇంకా బోలెడుమంది.

• విశాఖ, అరకు: కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొండలు తొలిచి వేసింది. సొరంగాల పనిలో కూలీలుగా చేసినవాళ్ల మాటలు ఎవరైనా రికార్డు చేశారా? మీరే కనుక్కోండి.

ఇలా మొదలుపెట్టండి

ఒకరితో మొదలుపెట్టండి: వంద మందిని కలవాలని పెద్ద ప్లాన్లేమీ వద్దు. ముందు ఒక్కరు. తాతయ్య, పక్కింటి బాబాయి, స్నేహితుడి నాయనమ్మ ఎవరైనా సరే. రైల్వే పెన్షనర్ల సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. నెల మొదట్లో బ్యాంకు దగ్గర నిలబడితే మరో పదిమంది పరిచయమవుతారు.

మొదటిరోజు ఫోను బయటికి తీయకండి: ఊరికే కూర్చుని మాట్లాడండి. ఎందుకొచ్చారో, ఆ రికార్డింగ్‌ను ఏం చేస్తారో చెప్పండి. ‘మీరు వద్దన్న భాగం తీసేస్తాను’ అని మాటివ్వండి. రెండోసారి వెళ్లినప్పుడు తెలుగులో రాసిన చిన్న అంగీకార పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోండి.

చోటు చూసుకోండి: ఫ్యాను, టీవీ, కుక్కర్ విజిల్ అన్నీ రికార్డవుతాయి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బట్ట పరిచిన బల్ల మీద ఉంచండి. రెండు నిమిషాలు రికార్డు చేసి, విని చూసుకుని అప్పుడు మొదలుపెట్టండి. గంట మించొద్దు. పెద్దవాళ్లు అలసిపోతారు.

వస్తువును అడ్డుపెట్టుకోండి: పాత ఫొటో, పాసు, బ్యాడ్జీ, చేతి దీపం, సర్వీసు కాగితం ఏదో ఒకటి చేతికివ్వండి. ‘మీ అనుభవాలు చెప్పండి’ అంటే ‘ఏముంటాయి బాబూ’ అంటారు. ‘ఈ ఫొటోలో పక్కనున్నదెవరు?’ అంటే అరగంట ఆగరు.

చిన్న ప్రశ్నలు అడగండి: మొదటిరోజు డ్యూటీకి ఏం వేసుకెళ్లారు? క్యారియర్‌లో ఏముండేది? రన్నింగ్ రూములో ఎవరు వండేవాళ్లు? మొదటి జీతం ఏం చేశారు? ఏ మలుపు దగ్గర భయమేసేది? ఏ మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు? వాళ్లు ఆగితే మీరూ ఆగండి. ఖాళీని మాటలతో నింపేయొద్దు. చాలాసార్లు అసలు విషయం ఆ తర్వాతే వస్తుంది.

అదేరోజు రాసుకోండి: ఫైలుకు తేదీ, ఊరు, ఉద్యోగం కనిపించేలా పేరు పెట్టండి. మూడు చోట్ల దాచండి. అందులో ఒకటి మీ ఇంటి బయట ఉండాలి. వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఒక కాపీ ఇవ్వండి. తర్వాత మాట మాటా రాయాలి. గంట రికార్డింగ్‌కు నాలుగైదు గంటలు పట్టొచ్చు. యాప్‌లు సాయం చేస్తాయి గానీ, ‘లైన్ క్లియర్’, ‘కీమన్’, ‘గుమ్టీ’ లాంటి మాటల దగ్గర తడబడతాయి. యాసను దిద్దకండి. చెప్పింది చెప్పినట్టే రాయండి.

సరిచూసుకోండి: జ్ఞాపకం తేదీల దగ్గర తప్పొచ్చు. అలాగని చెప్పినవాళ్లను మధ్యలో ఆపి దిద్దొద్దు. ఇంటికొచ్చాక పాత టైమ్‌టేబుల్, సర్వీసు కాగితాలు, అప్పటి పత్రికలతో పోల్చి పక్కన గమనిక రాయండి. రైల్వే దగ్గరున్న పాత సమాచారం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రికార్డులున్నాయి.

ఈ హద్దులు దాటొద్దు

ఫొటో కోసమో, వీడియో కోసమో పట్టాల మీదికి, వంతెనల మీదికి ఎక్కొద్దు. అనుమతి లేకుండా రైల్వే ఆవరణలోకి వెళ్లడం చట్టప్రకారం నేరం. ప్రాణానికీ ముప్పే. షెడ్డు, యార్డు చూడాలంటే కాలేజీ ద్వారా డివిజన్ ఆఫీసుకు ఉత్తరం రాయించండి.

పెన్షన్ నంబరు, ఆధార్, బ్యాంకు వివరాలున్న కాగితాలు ఫొటో తీసినా ఎక్కడా పెట్టకండి. ప్రమాదాలు, సస్పెన్షన్లు, సహోద్యోగుల తప్పుల గురించి చెబితే, అవతలి మనిషి పేరు బయటపెట్టే ముందు పదిసార్లు ఆలోచించండి. పట్టాల మీద పనిచేసినవాళ్లలో చాలామంది చావును దగ్గరగా చూసి ఉంటారు. కళ్లు చెమర్చితే రికార్డింగ్ ఆపి మంచినీళ్లివ్వండి. కథ రేపు కూడా వినొచ్చు.

కెరీర్‌కు ఏం లాభం?

నిజం చెప్పుకుందాం. ‘రైల్వే చరిత్రకారుడు కావలెను’ అన్న నోటిఫికేషన్ రాదు. ఆర్కైవిస్టు, క్యూరేటర్ పోస్టులు కూడా వేలల్లో ఉండవు. కానీ ఈ పనితో వచ్చే నైపుణ్యాలు చాలాచోట్ల అక్కరకొస్తాయి. తెలియని మనిషితో మాట కలపడం, వినడం, రికార్డు చేయడం, రాయడం, సరిచూడడం, ఫైళ్లను పద్ధతిగా దాచడం వస్తే మీడియా, డాక్యుమెంటరీలు, పాడ్‌కాస్ట్‌లు, అనువాదం, సామాజిక పరిశోధన, స్వచ్ఛంద సంస్థల క్షేత్ర సర్వేలు.. అన్నిటికీ మీరు పనికొస్తారు.

దీన్నే వృత్తిగా తీసుకోవాలనుకుంటే దారులున్నాయి. దిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ తన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ద్వారా ఏడాది డిప్లొమా, స్వల్పకాలిక కోర్సులు నడుపుతోంది. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, కలకత్తా యూనివర్సిటీలలో మ్యూజియాలజీ చదవొచ్చు. నోయిడాలోని వి.వి.గిరి జాతీయ కార్మిక సంస్థలో కార్మిక చరిత్రకు ప్రత్యేకంగా ఆర్కైవ్ ఉంది. చరిత్ర, సోషియాలజీలో పీజీ, పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు దాని గురించి తెలుసుకోవాలి. కంపెనీలూ తమ చరిత్రను దాచుకుంటున్నాయి. పుణెలో టాటా సెంట్రల్ ఆర్కైవ్స్, ముంబయిలో గోద్రెజ్ ఆర్కైవ్స్ అలాంటివే. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ ఆర్కైవ్స్ సైన్స్ చరిత్రను సేకరిస్తోంది. అర్హతలు, గడువులు ఏటా మారతాయి కాబట్టి సంస్థల ప్రకటనలు చూసుకోండి.

రెజ్యూమెలో ‘చరిత్రంటే ఆసక్తి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘మా ఊరి అయిదుగురు విశ్రాంత రైల్వే ఉద్యోగులతో ఆరు గంటల సంభాషణలు రికార్డు చేసి, తెలుగులో అక్షరబద్ధం చేసి, కాలేజీ లైబ్రరీకి అప్పగించాను’ అని రాస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తలెత్తి చూస్తారు. తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. జవాబు కోసం ఏ గైడూ తిరగేయక్కర్లేదు.

నలుగురు కలిస్తే ఇంకా తేలిక. ఒకరు అడగాలి, ఒకరు రికార్డింగ్ చూడాలి, ఇద్దరు రాయాలి. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ద్వారానో, డిగ్రీ ప్రాజెక్టుగానో చేయొచ్చు. చివర్లో కాలేజీ హాల్లో ఫొటోలు అతికించి, ఆ పెద్దవాళ్లనే ముఖ్య అతిథులుగా పిలవండి. ముప్పై అయిదేళ్లు డ్యూటీ చేసినా వాళ్లలో చాలామంది ఎప్పుడూ వేదిక ఎక్కి ఉండరు.

ఈ ఆదివారం..

పెదనాన్న నోటుబుక్కును ఈమధ్య గుంతకల్లు తీసుకెళ్లి, ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయనకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు పేజీలు తిప్పారు. రెండు గుర్తులు మాత్రం చెప్పగలిగారు. ఒకటి, ఆవిరి సరిగా నిలవని ఇంజిన్ అని. రెండోది, ఆ రాత్రి ఇంటికి రాలేదని. మిగతావి ఆయనకూ తెలియలేదు. ‘మీ పెదనాన్నను అడగాల్సింది బాబూ’ అన్నారు.

మీకింకా ఆ అవకాశం ఉంది. మాక్ టెస్టు సోమవారం రాసుకోవచ్చు. ఈ ఆదివారం ఒక గంట వెళ్లి కూర్చోండి.